రాష్ట్రపతి పీఠం – తెలుగు అడుగులు: అంతరాత్మ ఓటు

4వ భాగం

(1962లో సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతి అయిన ఘట్టం దగ్గర గత సంచికలో ఆగాం. ఈ వారం 1967 నుంచి 1977 దాకా.)

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివేవాళ్ళలో ఎవర్ని అడిగినా ఠక్కున చెబుతారు: రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాక గెలిచిన ఏకైక రాష్ట్రపతి వి.వి.గిరి, సంవత్సరం 1969. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే సీటు పట్టుకుని పాలిటీ పుస్తకాలు తిరగేసేవాళ్ళకు అదొక బిట్టు, ఒక మార్కు. ఆ ఒక్క మార్కు వెనక దేశంలోకెల్లా పెద్ద పార్టీ నిలువునా చీలింది. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి ఊరికి తిరిగి వెళ్ళి వ్యవసాయం చూసుకున్నారు. 75 ఏళ్ళ కార్మిక నాయకుడు రాష్ట్రపతి భవన్‌లో అడుగుపెట్టారు.

రాష్ట్రపతి ఎన్నిక అంటే మామూలుగా జనానికి పట్టదు. ఓటు వేసేది ఎంపీలు, ఎమ్మెల్యేలు. మెజారిటీ ఎవరిదో ముందే తెలుసు కాబట్టి ఫలితమూ ముందే తెలుసు. ఆ మాట తప్పిన సందర్భాలు చరిత్రలో కొద్దే. అలాంటి సందర్భంలో ఓటరును కదిలించింది ఏమిటి? అభ్యర్థి స్వభావమా, ఎవరినీ నొప్పించని అతని నడవడా, లేక అతని వెనక నిలబడ్డ మనుషులా? 1967కీ 1977కీ మధ్య తెలుగువాళ్ళ చుట్టూ తిరిగిన మూడు ఎన్నికలు ఈ ప్రశ్నకు జవాబు చెబుతాయి.

హైదరాబాద్‌లో పుట్టిన అధ్యాపకుడు, రాజమండ్రి న్యాయమూర్తి

1967 సార్వత్రిక ఎన్నికల్లో కాంగ్రెస్ చాలా రాష్ట్రాల్లో అధికారం పోగొట్టుకుంది. లోక్‌సభలో బలం తగ్గింది. రాష్ట్రపతి పదవికి గట్టి పోటీ ఇవ్వవచ్చని ప్రతిపక్షాలకు మొదటిసారి ఆశ పుట్టింది.

కాంగ్రెస్ అభ్యర్థి ఉపరాష్ట్రపతి జాకీర్ హుస్సేన్. 1897లో హైదరాబాద్‌లో పుట్టారు. జామియా మిలియాను ఇరవై ఏళ్ళకు పైగా కంటికి రెప్పలా కాపాడిన విద్యావేత్త. మృదుభాషి. ఆయనకు ఎదురు నిలబడింది రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు, అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి. ఆ ఫిబ్రవరి 27నే గోలక్‌నాథ్ కేసులో, ప్రాథమిక హక్కులకు కోత పెట్టే అధికారం పార్లమెంటుకు లేదని తీర్పిచ్చిన ధర్మాసనానికి ఆయనే నాయకుడు. ఏప్రిల్ 11న పదవికి రాజీనామా చేసి బరిలోకి దిగారు. దేశ ప్రధాన న్యాయమూర్తి బెంచి దిగి నేరుగా ప్రతిపక్షాల అభ్యర్థి కావచ్చా అన్న చర్చ అప్పుడు గట్టిగానే జరిగింది.

మొత్తం 17 మంది పోటీ చేశారు. వారిలో 9 మందికి ఒక్క ఓటూ పడలేదు. జాకీర్ హుస్సేన్‌కు 4,71,244, సుబ్బారావుకు 3,63,971 విలువ గల ఓట్లు వచ్చాయి. ఓడినా సుబ్బారావు సాధించింది తక్కువేం కాదు. అంతకుముందు జరిగిన మూడు ఎన్నికల్లో ప్రతిపక్షం ఆ దరిదాపులకు రాలేదు. తమ పార్టీ మనిషి కాకపోయినా, గౌరవించదగ్గ మనిషి కనిపిస్తే చీలికలు పేలికలుగా ఉన్న పక్షాలు కూడా ఒక్కతాటి మీదికి వస్తాయని ఆ అంకెలు చూపించాయి.

రెండేళ్ళు నిండకుండానే, 1969 మే 3న జాకీర్ హుస్సేన్ కన్నుమూశారు.

ముగ్గురూ మనకు కావలసినవాళ్ళే

1969 ఎన్నికలో 15 మంది పోటీ చేశారు. లెక్కలోకి వచ్చినవాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురికీ తెలుగు నేలతో బంధం ఉంది.

వరాహగిరి వెంకట గిరి 1894లో బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టారు. డబ్లిన్‌లో చదువుకుని, వచ్చాక రైల్వే కార్మికుల నాయకుడయ్యారు. 1937లో జస్టిస్ పార్టీ నాయకుడు బొబ్బిలి రాజాను బొబ్బిలిలోనే ఓడించారు. కేంద్ర కార్మిక మంత్రిగా ఉంటూ, బ్యాంకు ఉద్యోగులకు అనుకూలంగా వచ్చిన ట్రైబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో పదవి వదులుకున్నారు. 1957లో పార్వతీపురంలో ఓడారు, ఆ ఫలితం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళీ ఓడారు. తర్వాత మూడు రాష్ట్రాలకు గవర్నరు, 1967లో ఉపరాష్ట్రపతి. పదిమందిలో కలిసిపోయే మనిషి. ఏ రాష్ట్రానికి వెళ్ళినా పలకరించేవాళ్ళుండేవారు.

నీలం సంజీవరెడ్డి 1913లో అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టారు. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, తర్వాత కాంగ్రెస్ అధ్యక్షుడు. బస్సు రూట్ల జాతీయకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యలు తనకు తగిలాయని 1964లో ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. 1967లో లోక్‌సభ స్పీకర్ కాగానే పార్టీ సభ్యత్వం వదిలేశారు. సూటి మనిషి, మాటా సూటే. ఆ సూటిదనం ఒక్కోసారి ఖరీదైంది. రాష్ట్రం ఏర్పడేముందు ఆంధ్ర, తెలంగాణ నాయకులు చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం ముఖ్యమంత్రి ఆంధ్ర ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి తెలంగాణ నుంచి రావాలి. ఆ ఒప్పందంపై సంతకం పెట్టినవారిలో సంజీవరెడ్డి ఒకరు. తీరా 1956 నవంబరులో మంత్రివర్గం ఏర్పడ్డాక ఆ పదవి ఎవరికీ ఇవ్వలేదు. పైగా దాన్ని చేతికి అక్కరలేని ఆరో వేలితో పోల్చారు. ఆ మాటను తెలంగాణ మరిచిపోలేదు. 1969లో హైదరాబాద్ వీధులు ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంతో అట్టుడుకుతున్నప్పుడు, విద్యార్థులు చదువులో ఒక ఏడాది పోగొట్టుకుంటున్నప్పుడు, ఒప్పందం ఉల్లంఘనల జాబితా చదివిన ప్రతిచోటా ఆరో వేలు ప్రస్తావన వచ్చేది.

మూడో అభ్యర్థి చింతామణి దేశ్‌ముఖ్. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు, మాజీ ఆర్థిక మంత్రి. రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి భర్త. నారాయణగూడ నుంచి నల్లకుంట దాటి ఉస్మానియా దారి పడితే కనిపించే ఆంధ్ర మహిళా సభ ఆమె నిలబెట్టిన సంస్థే. 1982లో దేశ్‌ముఖ్ తుదిశ్వాస విడిచింది హైదరాబాద్‌లోనే. జనసంఘ్, స్వతంత్ర పార్టీలు ఆయన్ని బలపరిచాయి.

స్వభావాలు పక్కపక్కన పెట్టి చూస్తే ముగ్గురిలో దూకుడు మనిషి ఒక్కరూ లేరు. గవర్నరుగిరీ చేసినవారొకరు, స్పీకర్ కుర్చీలో కూర్చున్నవారొకరు, ఆర్థికవేత్త ఒకరు. ఎవరు గెలిచినా రాష్ట్రపతి భవన్‌కు కొత్తగా వచ్చే ముప్పేమీ లేదు. మరి అంత ఉద్రేకం ఎక్కడ నుంచి వచ్చింది?

బెంగళూరు నుంచి బ్యాంకుల దాకా

1969 జూలైలో బెంగళూరులో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు కూర్చుంది. ప్రధాని ఇందిరాగాంధీ జగ్జీవన్‌రామ్ పేరు చెప్పారు. కామరాజ్, ఎస్.కె.పాటిల్, మొరార్జీ దేశాయి, చవాన్ సంజీవరెడ్డి వైపు నిలిచారు. నాలుగుకు రెండు తేడాతో సంజీవరెడ్డి ఖాయమయ్యారు. ఆ క్షణం నుంచి ఆయన అభ్యర్థిత్వం పార్టీది కాకుండా పోయింది, సిండికేట్ అని పేరుపడ్డ ఈ పార్టీ పెద్దల ముఠాది అయింది.

తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న గిరి తాను స్వతంత్రంగా పోటీ చేస్తానన్నారు. ఇందిర మొరార్జీ చేతి నుంచి ఆర్థిక శాఖ తీసేశారు. జూలై 19న 14 బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్సు వచ్చింది. దానిపై సంతకం పెట్టింది గిరి. బ్యాంకు ఉద్యోగుల కోసం పదిహేనేళ్ళ కింద మంత్రి పదవి వదులుకున్న మనిషి పెట్టిన సంతకం అది. ఆ మర్నాడే పదవి దిగి ప్రచారానికి బయల్దేరారు.

గిరి స్వభావానికీ దేశం ఆ వారం ఉత్సాహపడుతున్న విషయానికీ అలా పొత్తు కుదిరింది. సంజీవరెడ్డికి అలాంటి పొత్తు కుదరలేదు. పైగా కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప జనసంఘ్, స్వతంత్ర నాయకుల్ని కలిసి, రెండో ప్రాధాన్య ఓటు సంజీవరెడ్డికి వేయించండని అడిగారు. ఎన్నికల లెక్కల్లో అది తెలివైన పనే. ఎత్తుగడగా మాత్రం బెడిసికొట్టింది. కుడి పక్షాలతో చేతులు కలిపిన అభ్యర్థి అన్న ముద్ర పడింది. యువ కాంగ్రెస్ ఎంపీలు భగ్గుమన్నారు. కమ్యూనిస్టులు, డీఎంకే, అకాలీలు అప్పటికే గిరి వెంట ఉన్నారు.

సంజీవరెడ్డి నామినేషన్ పత్రంపై సంతకం పెట్టిన ఇందిరే, పోలింగ్ ముంగిట్లో, అంతరాత్మ చెప్పినట్టు ఓటు వేయమని పిలుపిచ్చారు.

ఇంతలో ఇంకో నీచమైన పని జరిగింది. సంజీవరెడ్డి వ్యక్తిగత జీవితం మీద బురద చల్లే పేరులేని కరపత్రం పార్లమెంటు సభ్యుల చేతుల్లోకి చేరింది. ఆయన్ని వ్యతిరేకించినవాళ్ళు కూడా సిగ్గుపడాల్సిన కాగితం అది. ఎన్నిక చెల్లదంటూ సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డప్పుడు ప్రధానంగా నలిగింది ఆ కరపత్రమే. గిరి రాష్ట్రపతి హోదాలో ఉండగానే కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. 1970లో పిటిషన్లను కోర్టు కొట్టేసింది.

లెక్క ఎలా తేలింది

ఆగస్టు 16న పోలింగ్, 20న లెక్కింపు. అప్పట్లో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 125, ఎంపీ ఓటు విలువ 576. ఓటరు బ్యాలెట్‌పై 1, 2, 3 అని తన ఇష్టం వరుసలో అంకెలు వేయాలి. చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,36,337. గెలవాలంటే అందులో సగానికి పైన, అంటే 4,18,169 రావాలి.

మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరికీ కోటా అందలేదు. అప్పుడు అడుగున ఉన్నవాళ్ళను ఒక్కొక్కర్నీ తప్పిస్తూ, వాళ్ళ బ్యాలెట్లపై తర్వాతి అంకె ఎవరికి ఉందో చూసి అటు కలుపుకుంటూ వచ్చారు. దేశ్‌ముఖ్ వంతు వచ్చేసరికి కట్టలు కట్టలుగా సంజీవరెడ్డి వైపు కదిలాయి. నిజలింగప్ప చర్చల ఫలం అదే. ఆ వరుసలో సంజీవరెడ్డికి 91,879 కలిసింది. గిరికి కలిసింది 18,562. చివరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427.

తేడా 14,650. కేవలం 13 మంది ఎంపీలు గిరికి వేసిన ఓటు సంజీవరెడ్డికి వేసి ఉంటే వరుస తారుమారయ్యేది. ఇంత చిన్న తేడా చూశాక, నిజలింగప్ప చర్చలు సంజీవరెడ్డికి ఎంత మేలు చేశాయో, ఎంత కీడు చేశాయో తూచి చూడక తప్పదు. దేశ్‌ముఖ్ శిబిరం నుంచి రెండో అంకెలు తెచ్చాయి. సొంత పార్టీ నుంచి మొదటి అంకెలు పోగొట్టాయి. నవంబరులో కాంగ్రెస్ రెండు ముక్కలైంది.

అదే వేసవిలో ఫ్రాన్స్‌లో

ఆ ఏడాదే జూన్‌లో ఫ్రాన్స్‌లో రాష్ట్రపతి ఎన్నిక జరిగింది. అక్కడ ప్రజలే నేరుగా ఓటు వేస్తారు. ద గాల్ దిగిపోయాక రెండో రౌండుకు మిగిలినవాళ్ళు పాంపిడూ, పొయెర్. ఇద్దరూ నెమ్మదస్తులే, ఇద్దరూ మధ్యేమార్గానికి కుడివైపున ఉన్నవాళ్ళే. ఇద్దరి మధ్యా తేడా ఏమీ లేదని కమ్యూనిస్టు నాయకుడు డుక్లో తన ఓటర్లను ఇంట్లో కూర్చోమన్నారు. మొదటి రౌండులో 77 శాతం దాటిన పోలింగు రెండో రౌండులో 69 శాతం దగ్గర ఆగిపోయింది.

ఢిల్లీలోనూ ముగ్గురూ మెత్తని మనుషులే. అయినా ఇక్కడ ఉద్రేకం పొంగింది, అక్కడ చప్పబడింది. ఫ్రాన్స్‌లో ఇద్దరు అభ్యర్థుల వెనకా ఓటరుకు ఒకే దారి కనిపించింది. ఇక్కడ మాత్రం బ్యాంకులు, పార్టీ పగ్గాలు, ప్రధాని భవిష్యత్తు, అన్నీ ఆ ఒక్క బ్యాలెట్ మీదికి ఎక్కాయి. అభ్యర్థి నెమ్మదితనం ఒక్కటే ఓటరును లేపనూ లేదు, పడుకోబెట్టనూ లేదు. ఆ నెమ్మదితనం ఎవరికి ఉపయోగపడుతుందన్నదే ఓటరు చూశాడు.

ఇల్లూరు నుంచి మళ్ళీ ఢిల్లీకి

ఓడిన సంజీవరెడ్డి ఇల్లూరు చేరారు. 1971లో అనంతపురం నుంచి లోక్‌సభకు నిలబడితే అక్కడా ఓటమే. ఇక ఆయన పని అయిపోయిందనుకున్నారు. కొన్నేళ్ళు సేద్యం చూసుకున్నారు. 1975 మే 1న హైదరాబాద్ బహిరంగ సభలో జయప్రకాశ్ నారాయణ్ పక్కన కనిపించారు. ఆ తర్వాత రెండు నెలలు తిరక్కుండానే ఎమర్జెన్సీ వచ్చింది.

1977 లోక్‌సభ ఎన్నికల్లో దేశం ఒకవైపు తిరిగితే ఆంధ్రప్రదేశ్ ఇంకోవైపు తిరిగింది. 42 సీట్లలో 41 కాంగ్రెస్‌వే. మిగిలిన ఒక్కటీ నంద్యాల, గెలిచింది సంజీవరెడ్డి. గాలికి ఎదురీదిన ఆ గెలుపు ఆయన సొంతం. స్పీకరయ్యారు. రాష్ట్రపతి పదవి ఖాళీగా ఉంది. కొత్త ప్రధాని మొరార్జీ ముందు నర్తకి రుక్మిణీదేవి అరండేల్‌ను అడిగారు, ఆమె వద్దన్నారు. తర్వాత అన్ని పక్షాలూ సంజీవరెడ్డి దగ్గర ఏకమయ్యాయి. ఎనిమిదేళ్ళ కింద ఆయన్ని ఓడించిన కాంగ్రెస్ కూడా ఒప్పుకుంది. 37 నామినేషన్లు వస్తే 36 పరిశీలనలో పోయాయి. జూలై 25న, 64 ఏళ్ళ వయసులో, ఏకగ్రీవంగా ఎన్నికైన తొలి రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు.

మనిషి అదే, సూటి మాట అదే. 1969లో ఆయన ఒక ముఠా అభ్యర్థిగా కనిపించారు. 1977 నాటికి రెండుసార్లు ఓడి, ఏ ముఠాకూ బాకీ లేకుండా, తన ఓట్లతో తాను గెలిచి వచ్చారు. అంతకుముందు ఎవరూ నమ్మని ఆయన తటస్థతను ఇప్పుడు అందరూ నమ్మారు.

ముషీరాబాద్ ఓటరు చూసింది

స్వభావాలు ఒకేలా ఉన్నప్పుడు ఓటరు ఇంకేదో చూసే ఈ ధోరణి ప్రత్యక్ష ఎన్నికల్లోనూ కనిపిస్తుంది. 1978 అసెంబ్లీ ఎన్నికల్లో ఇందిరా కాంగ్రెస్ 175 సీట్లతో రాష్ట్రాన్ని ఊడ్చేసింది. ముషీరాబాద్‌లో మాత్రం పెద్ద నాయకుడు టి.అంజయ్య ఓడిపోయారు. గెలిచింది జనతా పార్టీకి చెందిన నాయిని నర్సింహారెడ్డి. ఇద్దరూ కార్మిక సంఘాల నుంచి వచ్చినవాళ్ళే, ఇద్దరూ బస్తీల్లో తిరిగినవాళ్ళే. రాష్ట్రమంతా వీచిన గాలి ఇక్కడ గెలుపు తేలేకపోయింది. ఆ అంజయ్యే 1980లో ముఖ్యమంత్రి అయ్యారు.

ఇవాళ చిక్కడపల్లి, అశోక్‌నగర్ ఓటర్ల తరఫున రాష్ట్రపతి ఎన్నికలో ఓటు వేసేది ముషీరాబాద్ ఎమ్మెల్యే. తెలంగాణ ఎమ్మెల్యే ఓటు విలువ 132. పార్టీలు ఆ ఎన్నికలో విప్ జారీ చేయడానికి లేదు. బ్యాలెట్ రహస్యం. అంటే చట్టం ఎమ్మెల్యేకు నిజంగానే అంతరాత్మను వదిలిపెట్టింది. ఆ 132 ఎటు పడాలో అడిగే హక్కు నియోజకవర్గ ప్రజలకు ఉంది. రాష్ట్రపతి ఎన్నిక వచ్చినప్పుడు మీ ఎమ్మెల్యే కనిపిస్తే, ఆ అభ్యర్థికే ఎందుకు వేస్తున్నారని అడగండి. పార్టీ చెప్పిందన్న జవాబుతో సరిపెట్టుకోకండి.

1969లో అంతరాత్మ అన్న మంచి మాట ఒక ముఠా తగాదాకు ఆయుధమైంది. దాన్ని వాడిన తీరు తప్పు, ఆ మాట తప్పు కాదు. అభ్యర్థి గుణం చూడాలన్నదీ తప్పు కాదు. గుణం పేరు చెప్పి పేరులేని కరపత్రాలు పంచడం తప్పు. సంజీవరెడ్డిని ఓడించిన ఓట్లలో ఆ కరపత్రం చదివి పడ్డవి ఎన్నున్నా, అవి ప్రజాస్వామ్యానికి మచ్చే.

ఏకగ్రీవంగా వచ్చిన రాష్ట్రపతి అందరివాడుగానే మిగిలారా? 1979 జూలైలో మొరార్జీ ప్రభుత్వం కూలింది. ప్రభుత్వం ఏర్పాటు చేయమని సంజీవరెడ్డి చరణ్‌సింగ్‌ను పిలిచారు. ఆగస్టు 22న, జగ్జీవన్‌రామ్‌కు అవకాశం ఇవ్వకుండానే, లోక్‌సభను రద్దు చేశారు. ఆ నిర్ణయం మీద రేగిన దుమారం, 1980 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకుతో సహా 6 బ్యాంకుల జాతీయకరణ, ఆయన పదవీకాలపు చివరి రోజులు వచ్చే వారం.